పడి చూపించే ఉద్యోగం

దోహాలో మొదటి నాలుగేళ్లలో నేను రెండు కంపెనీలు మారి మూడోదాంట్లో చేరాను. ఎందుకు మారావని ఇప్పుడడిగినా సరైన జవాబు చెప్పలేను. ఎవరితోనూ గొడవ పడలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఒకచోట ఆరు నెలలు దాటేసరికి ఒంట్లో కుదురు తప్పేది. గదిలో మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపేవాణ్ణి. శుక్రవారం అందరూ బట్టలుతుక్కుని పడుకుంటే, నేను అల్ మన్సూరా సందుల్లో బయలుదేరి సముద్రం దాకా నడిచి, అక్కడ చేసే పనేమీ లేక మళ్లీ నడిచి వచ్చేవాణ్ణి. ఆయిల్ డబ్బు పొంగుతున్న రోజులవి. పోయిన వారం ఇసుక ఉన్న చోట ఈ వారం గుంత, వచ్చే నెలకు స్తంభాలు. ఊరే కుదురుగా లేదు, నేనెంత అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

మూడో కంపెనీలో నాది స్టోర్‌లో పని. మేకులు, బోల్టులు, చేతి తొడుగులు అడిగినవాళ్లకు అందించడం. జగిత్యాలలో ఇంటర్ దాకా చదివాను కనుక ఇంగ్లీషు వింటే అర్థమయ్యేది, మాట్లాడబోతే తడబడేది. ఊళ్లో నేనేం చేసేవాణ్ణో అక్కడ ఎవరికీ చెప్పలేదు. పదహారో ఏట నుంచి ఎనిమిదేళ్లు భాగోతం ఆడాను. రాణి వేషం నాది. చుట్టుపక్కల ఊళ్లలో నా ఏడుపుకు పేరుండేది. పెళ్లి కుదిరినప్పుడు మా మామ ఒకటే షరతు పెట్టాడు: "అల్లుడు మీసం పెంచాలె." మీసం పెంచాను. వేషం పోయింది. ఆ తరువాత రెండేళ్లకు గల్ఫ్ వీసా వచ్చింది.

ఒక గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మమ్మల్నందరినీ మెస్‌లోనే కూర్చోమన్నారు. సైట్లలో మనుషులు పడిపోవడం ఎక్కువైందని, జాగ్రత్తలు చెప్పడానికి ఒక అమెరికా సారును తెప్పించామని ఫోర్మన్ చెప్పాడు. ఆ సారు ఒక ప్రొజెక్టర్, రెండు రీళ్లు పట్టుకుని వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. ఎత్తు మనిషి, కొంచెం వంగిన భుజాలు, గుబురు కనుబొమ్మలు. చొక్కా చేతులు మోచేతి దాకా మడుస్తాడు, విప్పుతాడు, మళ్లీ మడుస్తాడు. గోడకు తెల్ల దుప్పటి కట్టి బొమ్మ మొదలుపెట్టాడు. పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఒక తెల్లవాడు నిచ్చెన ఎక్కుతుండగా ప్రొజెక్టర్ బల్బు ఠప్పుమని పోయింది.

ఇంకో బల్బు లేదు. రెండు వందల మంది లేవబోయారు. ఆయన చేతులెత్తి ఆగమన్నాడు. దుప్పటి ముందుకు తినే బల్ల ఒకటి లాగాడు, దానిమీద కుర్చీ వేశాడు, బూట్లు విడిచి ఎక్కాడు.

"నా పక్కన నిలబడి నేను చెప్పింది చెప్పేవాళ్లు ఎవరున్నారు?" అని అడిగాడు.

ఎవరూ లేవలేదు. ఫోర్మన్ నా వైపు చూసి, "అరే స్టోర్, నీకు ఇంగ్లీష్ వచ్చు గదా, యల్లా, లెయ్," అన్నాడు.

వెళ్లి నిలబడ్డాను. ఆయన ఆ కుర్చీ మీద నాలుగో అంతస్తులో ఉన్న కూలీ అయిపోయాడు. చేతిలో ఏమీ లేదు, కానీ ఇటుక బరువు మాకు కనిపించింది. "ఎత్తులో ఉన్నప్పుడు కిందికి చూడకండి," అన్నాడు. నేను తెలుగులో, తరువాత హిందీలో చెప్పాలి. ఎనిమిదేళ్ల భాగోతం నోట్లో ఎక్కడ దాగి ఉందో, నేను అనుకోకుండానే వచ్చేసింది:

"ఓ అన్నా, కిందికేం సూస్తున్నవే? అక్కడేమన్న నీ అత్తగారిల్లున్నదా?"

మెస్ అంతా ఘొల్లుమంది. కుర్చీ మీద ఆయన ఒక్క క్షణం నావైపు చూశాడు. వెంటనే కాలు జారినట్టు చేసి పడిపోయాడు.

అంత ఎత్తు నుంచి, సిమెంటు నేల మీదికి, చప్పుడు లేకుండా. అందరం లేచి నిలబడ్డాం. ఆయన పదంకెలు లెక్కపెట్టేంత సేపు కదలలేదు. తరువాత కళ్లు తెరిచి, "మీరు నాలాగా లేవలేరు," అన్నాడు. అది మాత్రం ఏమీ కలపకుండా చెప్పాను.

జనం వెళ్లిపోయాక నన్ను దగ్గరికి పిలిచాడు. మా మధ్య మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ రాసేది నాకు అర్థమైన మేరకు.

"కిందికి చూడకండి అన్నాను. అందులో నవ్వడానికి ఏముంది?"

"కొంచెం కలిపాను సార్."

"ఏం కలిపావు?"

అత్తగారిల్లు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. చొక్కా చేయి మడిచి, "నువ్వెక్కడ నటించేవాడివి?" అన్నాడు.

నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఆయనకు చెప్పాను. రాణి వేషం అంటే కూడా నవ్వలేదు. "ఎంతమంది చూసేవాళ్లు?" అని మాత్రం అడిగాడు. వెయ్యిమంది దాకా అన్నాను. "అంత జనమంటే మంచి హౌస్," అన్నాడు.

మరుసటి వారం నుంచి స్టోర్‌లో నా పని వేరేవాడికి పోయింది. కంపెనీకి ఖతర్‌లో పద్నాలుగు క్యాంపులుండేవి. ప్రొజెక్టర్ బల్బు ఎప్పుడో వచ్చింది కానీ ఆయన దాన్ని డబ్బాలోంచి తీయనేలేదు. మేమిద్దరం, డ్రైవర్ పఠాన్, వ్యాన్ వెనకాల ఒక బల్ల, ఒక కుర్చీ. ఆ చలికాలమంతా క్యాంపులు తిరిగాం.

మా అమ్మకు క్యాసెట్టులో మాట్లాడి పంపాను, నా పని మారిందని. ఆమె జవాబు క్యాసెట్టు నెల తరువాత వచ్చింది. "దుబాయ్‌ల భాగోతం ఆడుతున్ననంటవేంది కొడుకా? ఊళ్లె ఎవ్వరికి జెప్పకు. నీ మామకు ఎరుకైతె ఇజ్జత్ పోతది." నేను ఉన్నది ఖతర్ అని నాలుగేళ్లుగా చెబుతున్నాను, ఆమెకు అంతా దుబాయే.

వ్యాన్‌లో ఆయన ఒకచోట కూర్చునేవాడు కాదు. ముందు సీటు, పది నిమిషాలకు వెనక సీటు, కాసేపటికి పఠాన్‌ను ఆపమని ఇసుకలో దిగి అటూ ఇటూ నడిచి మళ్లీ ఎక్కేవాడు. పఠాన్ తలపట్టుకునేవాడు. తన జీవితం గురించి ముక్కలు ముక్కలుగా, ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టి చెప్పేవాడు. వరుస నేను పెట్టుకున్నదే.

వాళ్ల నాన్నది నది ఒడ్డున చిన్న ఊళ్లో మాంసం కొట్టు. కొడుకు కత్తి పట్టాలని ఆయన ఆశ. ఈయన యుద్ధానికి వెళ్లి, తిరిగొచ్చాక ఊరికి కాకుండా న్యూయార్క్‌కు బస్సెక్కాడు. మొదటి మంచి ఉద్యోగం ఏమిటంటే, ఒక పెద్ద నటుడికి జబ్బు చేస్తే ఆయన బదులు వేదిక ఎక్కడం. పద్నాలుగు నెలలు ప్రతి ఆటకూ రంగు పూసుకుని, బట్టలు వేసుకుని వెనక గదిలో కూర్చున్నాడు. ఆ పెద్ద నటుడికి తుమ్ము కూడా రాలేదు.

"ఒక్కరోజు కూడానా సార్?"

"ఒక్కరోజు వచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఆ రోజు ఊరంతా మోకాలి లోతు మంచు. ఆట రద్దు చేశారు."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు కానీ వేళ్లు సీటు మీద దరువు వేస్తూనే ఉన్నాయి.

తరువాత టీవీ వచ్చింది. అప్పట్లో రికార్డు చేసి చూపడం ఉండేది కాదట, ఇక్కడ ఆడుతుంటే అక్కడ ఇళ్లల్లో కనిపించేది. ఒక నాటకంలో ఈయన గదిలో కూర్చుని ఉంటే స్నేహితుడు లోపలికి రావాలి. ఆ నటుడు రాలేదు. పక్కనే ఇంకో స్టూడియోలో ఇరుక్కుపోయాడు. దేశమంతా చూస్తోంది. బల్ల మీద నారింజపండు ఉంటే దాన్ని తీసుకుని నాలుగు నిమిషాలు వలిచాడు. తొక్క తెగకుండా ఒకే చుట్టగా వలుస్తూ, ఆ స్నేహితుడి గురించి పండుతో మాట్లాడాడు. మర్నాడు పత్రికలు ఆ నారింజపండు గురించే రాశాయి.

"నా జీవితంలో బాగా చేసింది అదొక్కటే. అది ఎవరూ రాసివ్వలేదు," అన్నాడు.

ఆ తరువాత పదకొండేళ్లు రోజూ మధ్యాహ్నం వచ్చే సీరియల్‌లో డాక్టర్ వేషం. డబ్బు, ఇల్లు, పేరు అన్నీ వచ్చాయి. కూరగాయల కొట్లో ఆడవాళ్లు ఆపి తమ చేతి మీది దద్దుర్లు చూపించి మందడిగేవాళ్లు. పదకొండేళ్లూ ఒకే బల్ల వెనక నిలబడి ఒకే గొంతుతో మాట్లాడాడు. కాళ్లు తిమ్మిరెక్కేవట. ఒక పొద్దున కాగితాలు చేతికిస్తే చదువుకుంటూ పోయాడు. మూడో పేజీలో డాక్టర్ కారు వంతెన మీద నుంచి పడిపోయింది. అది కూడా ఎవరో వచ్చి చెబుతారు, చూపించరు.

"నాకు పడటం ఎంత బాగా వచ్చో వాళ్లకు తెలుసు. అయినా చూపించలేదు," అన్నాడు.

అందరికీ డాక్టర్‌గా గుర్తుండిపోయాడు కాబట్టి తరువాత ఎవరూ వేరే వేషమివ్వలేదు. భార్య అప్పటికే విడిపోయింది. ఒక కూతురుంది, వేరే రాష్ట్రంలో ఇళ్లు అమ్మే పని. ఏవో కంపెనీలకు జాగ్రత్తల సినిమాలకు గొంతు ఇస్తూ, ఆ దారిలో ఖతర్ దాకా వచ్చాడు. కంపెనీ ఇచ్చిన విల్లాలో ఆయన సూట్‌కేసు మూడు నెలలైనా తలుపు దగ్గరే ఉండేది. చొక్కాలు అందులోంచే తీసుకునేవాడు.

మా మధ్య ఒక చిక్కు వచ్చింది. జనం నన్ను చూడటం మొదలుపెట్టారు. తెలుగువాళ్లు ఎక్కువున్న క్యాంపులో ఆయన కుర్చీ మీద ప్రాణం పెట్టి చేస్తుంటే, వాళ్ల కళ్లు నా నోటి మీద ఉండేవి. బీహారువాళ్లకు హిందీలో వేరే మాట కలిపేవాణ్ణి. నాకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు, ఆయన కుర్చీకి ఎదురుగా రావడం మొదలైంది. చప్పట్లు విన్న మనిషికి సిగ్గు తక్కువ.

ఒకరోజు వ్యాన్‌లో ఆయన అరగంట ఒకే సీట్లో కదలకుండా కూర్చున్నాడు. పఠాన్‌కే భయమేసి వెనక్కి తిరిగి చూశాడు.

"నన్ను కప్పేస్తున్నావు," అన్నాడు చివరికి.

"తప్పయింది సార్."

"తప్పని కాదు. నీ మాటకు జనం నవ్వుతున్నారు. ఆ అత్తగారి మాట నాకు నేర్పు."

నేర్పాను. అరవై కిలోమీటర్లు అదే మాట. 'అత్తగారిల్లున్నదా' దగ్గర నాలుక మడతపడేది. పఠాన్ విసిగి, "సాబ్, మాఫీ, మాఫీ," అని వేడుకున్నాడు. ఆ మధ్యాహ్నం కుర్చీ మీద నిలబడి, నేను నోరు తెరవకముందే, ఆయనే ఆ మాట తెలుగులో అన్నాడు. ముక్కలు ముక్కలుగా, ఎక్కడో ఒత్తి, ఎక్కడో మింగేసి. క్యాంపు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. తెల్ల సారుకు అత్తగారిల్లు తెలిసిందని బెంచీలు బాదారు. పడి లేచాక నావైపు చూసి కన్నుగీటాడు. నాకు సంతోషమూ కడుపుమంటా రెండూ కలిగాయి. ఆ నవ్వు నాది.

జనవరిలో మదీనత్ అల్ షమాల్ వైపు ఒక క్యాంపుకు వెళ్లాం. ఉత్తరాన, సముద్రం గాలికి ఇసుక కళ్లల్లో కొట్టే చోటు. అక్కడ నీళ్ల ట్యాంకు కడుతున్నారు. మనవాళ్లే ఎక్కువ, నిజామాబాదు, కరీంనగర్ వైపు వాళ్లు. కంపెనీ సేఫ్టీ ఆఫీసరు ఆ రోజు మా ఆట చూడటానికి వచ్చి వెనక కుర్చీ వేయించుకున్నాడు.

మొదటి నుంచే ఏదో తేడా. అత్తగారి మాటకు ఒక్కరూ నవ్వలేదు. ఆయన గొంతు పెంచాడు, నేనూ పెంచాను. ఆయన పడ్డాడు. ఆ చలికాలంలో అంత బాగా ఎన్నడూ పడలేదు. చప్పట్లు లేవు. గాలి రేకుల మీద కొట్టుకోవడం వినిపిస్తోంది.

మధ్య వరసలోంచి ఒక మేస్త్రీ లేచాడు. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాలు.

"బందు వెట్టున్రి," అన్నాడు. "గట్ల పడలే మావోడు."

నేల మీదున్న ఆయన కళ్లు తెరిచాడు.

"ఏమంటున్నాడు?"

మేస్త్రీ ఆగలేదు. "ఎనిమిది దినాలాయె. మీకు జెప్పలేదా? కిందికి సూసి పడలే. అత్తగారిల్లు గుర్తొచ్చి పడలే. నిలవడ్డ కట్టెపలక ఇరిగి పడ్డడు. ఆ పలక పుచ్చిపోయిందని ఫోర్మన్‌కు మూడుమాట్ల జెప్పినం. పొద్దుగాల జెప్పినం, పగటాల్ల జెప్పినం. రేపు మారుస్త అన్నడు. పిలగానికి ఇరవై రెండేండ్లు. మీరొచ్చి మాకు నడుసుడు నేర్పుతున్నరా?"

అందరూ నన్ను చూస్తున్నారు. వెనక సేఫ్టీ ఆఫీసరు కాలు మీది కాలు తీసి ముందుకు వంగాడు. నాకు ఊళ్లో ఇల్లు సగం కట్టి ఉంది. తమ్ముడికి వీసా ఈ కంపెనీలోనే అడుగుతున్నాను.

"వాళ్ల స్నేహితుడు చనిపోయాడట సార్," అన్నాను.

ఆయన లేచి కూర్చున్నాడు. "అతను చాలాసేపు మాట్లాడాడు. నువ్వు నాకు మూడు ముక్కలు చెప్పావు."

"అంతే సార్."

"మాటలు కలిపినందుకు నిన్ను నేనెప్పుడూ తిట్టలేదు," అన్నాడు నెమ్మదిగా. "తీసేయకు."

అప్పుడు చెప్పాను. పుచ్చిన పలక, మూడుసార్లు, రేపు మారుస్తామన్న మాట, ఇరవై రెండేళ్లు. ఇంగ్లీషు తడబడకుండా ఎలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన బల్ల మీదికి ఎక్కలేదు. బూట్లు లేని కాళ్లతో వెళ్లి మేస్త్రీ ముందు నేల మీద కూర్చున్నాడు. ఎలా జరిగిందో చూపించగలరా అని అడగమన్నాడు. అడిగాను. మేస్త్రీ తలకున్న తువ్వాలు తీసి పక్కవాడికిచ్చి ముందుకు వచ్చాడు.

మేస్త్రీకి నటన ఏం తెలుసు? ఏమీ తెలియదు. చెయ్యి చాచి, "గిక్కడ నేను, గిక్కడ వాడు," అన్నాడు. సిమెంటు బొచ్చె అందుకోవడానికి పిల్లవాడు ఎడమకాలు ముందుకేశాడని చూపించాడు. "ఇగో గిట్ల ఏసిండు." కాలు వేసి అక్కడే ఆగిపోయాడు. పడలేదు. ఆ కాలు అలాగే గాల్లో ఉన్నట్టు, చెయ్యి ఇంకా చాచి ఉంచి, నిలబడ్డాడు. "బొచ్చె నా చేతిలనే ఉండె," అన్నాడు. సేఫ్టీ ఆఫీసరు లేచి బయటికి నడిచాడు.

అమెరికా ఆయన మేస్త్రీ చాచిన చేతిని పట్టుకుని కిందికి దించాడు. "ఇది నేను వేరే క్యాంపుల్లో చెప్పవచ్చా?" అని అడిగాడు.

మేస్త్రీ నన్నడిగాడు: "గిది జెప్తె ఏమైతది తమ్మీ?"

ఆ ప్రశ్న ఆయనకు చెప్పాను. "నాకు తెలియదు," అన్నాడు.

మేస్త్రీ కాసేపు ఆయన ముఖం చూశాడు. "తెల్వదన్నడు గదా, అబద్దం జెప్పలే. అట్లనే జెప్పుమను."

తిరుగు ప్రయాణంలో ఆయన వ్యాన్ ఆపమనలేదు. నేనే ఆపించాను. దిగి ఇసుకలో నడిచాను. ఈ మనిషికి అమెరికా ఉంది, నాకేముంది అని కోపమొచ్చింది. వ్యాన్ ఎక్కాక అదే మాట అన్నాను. "మీకేం సార్, మీరు పోతారు. నేను ఇక్కడ తినాలి."

"నువ్వు రావద్దు. వేరే మనిషిని అడుగుతాను," అన్నాడు.

రెండు రోజులు పాత స్టోర్‌లోకే వెళ్లి తిరిగాను. మేకుల డబ్బాలు ఈ అర నుంచి ఆ అరకు మార్చాను. మూడో రోజు అల్ తుమామా పక్క క్యాంపుకు వ్యాన్ బయలుదేరుతుంటే వెళ్లి ఎక్కి కూర్చున్నాను. ధైర్యం అనను. నా బదులు ఇంకొకడు ఆ చోట నిలబడటం నాకు నచ్చలేదు. నటుడి బుద్ధి అది, అందులో గొప్పేమీ లేదు.

ఆ ఆటలో అత్తగారి మాట తీసేశాం. నేను మేస్త్రీనయ్యాను, ఆయన పిల్లవాడయ్యాడు. అరవై ఏళ్ల తెల్ల మనిషి ఇరవై రెండేళ్ల నిజామాబాదు పిల్లవాడంటే ఎవరు నమ్ముతారు అనుకున్నాను. ఆయన ఎడమకాలు ముందుకు వేసేసరికి ముందు వరసలో ఒకతను "ఆగు!" అని అరిచాడు. ఆయన ఆగాడు. పడలేదు. నేను ఖాళీ చేతిని చాచి నిలబడ్డాను, నా చేతిలో సిమెంటు బొచ్చె బరువు నాకు తెలిసింది. రాణిగా ఎనిమిదేళ్లు ఏడ్చాను కానీ ఆ రోజు ఏడవడానికి సిగ్గేసింది, ఏడవలేదు.

అయిపోయాక చప్పట్లు రాలేదు. ఒకతను బయటికి వెళ్లి ఒక పలక మోసుకొచ్చి బల్ల ముందు పడేశాడు. వేలితో నొక్కితే లోపలికి దిగింది. ఇంకొకతను తెగిన సేఫ్టీ బెల్టు తెచ్చాడు. కాసేపట్లో బల్ల ముందు ఒక కుప్ప అయింది. ఎవరూ గొడవ చేయలేదు. తెచ్చి వేసి, వెళ్లి తమ చోట కూర్చున్నారు. అక్కడి ఇంజనీరు తెలుగాయనే, గుంటూరు వైపు. ఆ కుప్ప చూసి, "ఇవన్నీ ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు. "జెప్పినం సార్," అని నాలుగు గొంతులు పలికాయి. ఆయన తలవంచుకున్నాడు.

ఇంకో రెండు క్యాంపులు చేశాం. మూడోదానికి వ్యాన్ రాలేదు. ఆయన్ను ఆఫీసుకు పిలిచి, సినిమా చూపించమని తెప్పించాం కానీ నాటకాలాడమని కాదని చెప్పారట. ఒప్పందం ఇంకా ఆరు నెలలున్నా టికెట్ చేతికిచ్చారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. స్టోర్‌లో కాకుండా సైట్‌లో హెల్పర్‌గా వేశారు, అంతే. తమ్ముడి వీసా మాట మళ్లీ ఎత్తలేదు.

కానీ తుమామా సైటుకు ఒక పొద్దున లారీ నిండా కొత్త పలకలు వచ్చాయి. ఆ గుంటూరు ఇంజనీరు దగ్గరుండి దింపించాడని విన్నాను. షమాల్‌లో కూడా పాతవి తీసేశారట. ఎందుకు తీశారో ఎక్కడా ఎవరూ చెప్పలేదు. మిగతా క్యాంపుల సంగతి నాకు తెలియదు.

వెళ్లేరోజు మధ్యాహ్నం ఆయన నన్ను వెతుక్కుంటూ అల్ మన్సూరాలో మేం టీ తాగే కొట్టుకు వచ్చాడు. కూర్చోలేదు. నిలబడే రెండు టీలు తాగాడు.

"అక్కడికెళ్లి ఏం చేస్తారు సార్?"

"ఫోన్ పక్కన కూర్చోవడం నాకు రాదు. ఏదో ఒక తలుపు తట్టాలి." గ్లాసు పెట్టేసి అడిగాడు: "నీకు కోపముందా?"

"మొదట ఉండె. ఇప్పుడు తెలియదు."

"నాకూ అంతే," అన్నాడు. ఎవరి మీద అని నేనడగలేదు. చెయ్యి కలిపి, టాక్సీలో ముందు సీట్లో కూర్చుని, దిగి, వెనక సీట్లోకి మారి వెళ్లిపోయాడు.

ఏడాదిన్నర తరువాత కంపెనీ పోస్టు పెట్టెకు ఉత్తరం వచ్చింది. ఎక్కడో మంచు పడే చిన్న ఊళ్లో నాటకాల కంపెనీలో పని దొరికిందట. ముసలి తాత వేషం. రెండో అంకంలో చచ్చిపోతాడు. తరువాత చివర్లో దండం పెట్టేదాకా ఆయనకు పనిలేదు. గదిలో కూర్చోలేక, రంగు ముఖంతోనే వెనక వీధిలో తిరుగుతుంటాడట; పోలీసులకు అలవాటైపోయాడట. కూతురు ఒకసారి వచ్చి చూసి, భోజనం చేసి వెళ్లిందని ఒక వాక్యం. చివర, మేస్త్రీ ఎలా ఉన్నాడని అడిగాడు.

నాకు సిగ్గేసింది. ఆ రోజు తరువాత నేను షమాల్ వైపు వెళ్లనే లేదు. శుక్రవారం ఒక పికప్‌లో చోటు అడుక్కుని వెళ్లాను. ట్యాంకు పూర్తయింది. క్యాంపు అక్కడే ఉంది. మేస్త్రీ నీడలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది.

"అమెరికా సారు ఉత్తరం రాసిండు కాకా. నువ్వెట్లున్నవని అడిగిండు."

"నన్నా?" అని అద్దం దించాడు. "మంచిగనే ఉన్ననని రాయి. పిలగాని అవ్వకు మేమంత కలిసి కొంత పంపినమని గూడ రాయి." మళ్లీ అద్దమెత్తి, సగంలో ఆపాడు. "ఆ సారుకు పని వోయింది గదా మనతోని. మళ్ల దొర్కిందా?"

"దొర్కింది. నాటకంల ముసలాయన ఏషం."

"దినాం ఉంటదా డ్యూటీ?"

"దినాం ఉంటదట."

"గట్లనా. మంచిది," అన్నాడు. గడ్డం గీసుకోవడం పూర్తిచేసి, ముఖం కడుక్కుని, లోపలి నుంచి నాకో చాయ్ తెచ్చాడు. ఇద్దరం గోడ నీడ జరిగినప్పుడల్లా జరుగుతూ సాయంత్రం పికప్ వచ్చేదాకా కూర్చున్నాం. ఆ వారమే జవాబు రాశాను. నెల తిరక్కుండా నాలుగో కంపెనీలో చేరాను.